కునుకు దొంగలు

మే నెల రాగానే సర్కారువారికి మన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు బయట తిరగకండి. గొడుగు పట్టండి. మజ్జిగ తాగండి. ఫోన్లో మెసేజీ, పేపర్లో ప్రకటన, పక్కనే మంత్రిగారి నవ్వు. బాగుంది. మరి ఆ నాలుగు గంటలూ స్లాబు ఎవరు పోస్తారు? రోడ్డు మీద తారు ఎవరు పరుస్తారు? మీరు ఫోన్ నొక్కిన పది నిమిషాల్లో పెరుగు ప్యాకెట్ ఎవరు తెస్తారు? సూర్యుడా? సలహా ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. అందుకే ధారాళంగా ఇస్తున్నారు.

ఇల్లు కడుతున్న చోటికి ఓసారి వెళ్లి చూడండి. నాలుగు ముద్దలు మింగి, ఖాళీ సిమెంటు సంచి పరుచుకుని, తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని మేస్త్రి అలా వాలాడో లేదో, యజమాని కారు వచ్చి ఆగుతుంది. అద్దం దిగుతుంది. ముందు ఏసీ గాలి వస్తుంది, వెనకే మాట: "ఏమయ్యా మేస్త్రీ, కూలి ఇచ్చేది పడుకోడానికా?" ఈయనగారు ఆదివారం భోంచేసి నాలుగింటిదాకా గురక పెట్టే మనిషే! ఆ గురక ఆరోగ్యం. ఈ కునుకు దొంగతనం.

చట్టం లేదా అంటారా? ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించొద్దు, కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ ఐదును ఆరు చేయాలని తీర్మానించింది. జూలైలో తెలంగాణ వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల పనికి పచ్చజెండా ఊపి, ఆరు గంటలయ్యాక అరగంట చాలంది. కృష్ణా నీళ్ల దగ్గర జుట్టు జుట్టు పట్టుకునే రెండు సర్కార్లకూ ఇక్కడ ఎంత ఐకమత్యమో! పేరేమో సులభతర వాణిజ్యం. ఎవరికండీ సులభం? గోడా కప్పూ ఉన్న కార్మికుడి గతే ఇది. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేనివాడి గోడు ఎవరు వింటారు?

ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని నిషేధం. గల్ఫ్ పుణ్యభూమేం కాదు. శంషాబాద్‌లో దిగే శవపేటికల సంగతి జగిత్యాల పల్లెల్ని అడగండి. అయినా కాగితం మీదైనా అక్కడో నిషేధం ఉంది. అదే జగిత్యాల మనిషి సొంతూరొచ్చి అదే తాపీ పడితే? మాడాల్సిందే. అంతదూరం ఎందుకు, కేరళలో వేసవొస్తే పన్నెండు నుంచి మూడు దాకా బయటి పనులు ఆపమని కార్మిక శాఖ ఉత్తర్వే ఇస్తుంది. మనకు మాత్రం గొడుగు బొమ్మ.

ఇక పెద్దమనుషులు. ఒకాయన 2023లో వారానికి 70 గంటలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90కి పాట పెంచి, ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నానని బాధపడ్డారు. కట్టుబడి కంపెనీ పెద్ద కదా, కాంక్రీటు గుండె! ఇంకోవైపు, పైలట్లకు కాసేపు కునుకు ఇస్తే చురుకుదనం పెరిగిందని నాసా చెప్పిందంటూ కొన్ని ఆఫీసులు నిద్రగదులు కట్టించాయి. సంతోషం. ఆ గది గోడకు ప్లాస్టరింగ్ చేసినవాడు ఏ గదిలో నడుం వాల్చాడు?

ఓ మనవి. వచ్చే వేసవి మంత్రివర్గ సమావేశాలు ఆంధ్రావారు రెంటచింతలలో, తెలంగాణవారు రామగుండంలో పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకు, కప్పులేని స్లాబు మీద, ఏకబిగిన ఆరు గంటలు. మధ్యలో ఎవరైనా కళ్లు మూస్తే ఆ రోజు భత్యం కట్!