నాకు అకౌంటు లేదు

తెనాలిలో కాలవకు దగ్గరగా ఉన్న ఒక డాబా ఇంటి హాల్లో, టీవీ పక్కన నా చోటు. నేను బ్లూటూత్ స్పీకర్ని. నాకంటూ ఒక్క పాటా లేదు. ఏ ఫోను నాతో జత కలిస్తే ఆ ఫోనులోని పాట నా గొంతులోంచి వస్తుంది. ఆ ఫోను పట్టుకున్న మనిషి వీధి గేటు దాటి పది మీటర్లు పోయేసరికి తడబడి ఆగిపోతాను. ఈ ఇంట్లో అందరికీ పాటల యాపులో తలా ఒక అకౌంటు ఉంది, నాకు లేదు. అందుకేనేమో, ఎవరేం వింటారో నాకు తెలిసినంతగా ఆ చందా కట్టే నాన్నకు కూడా తెలియదు. నాన్న అంటున్నానని ఏమీ అనుకోకండి, పిల్లలు పిలిచే వరసలే నాకూ అలవాటయ్యాయి.

నన్ను కొన్న కొత్తలో ఇంటిల్లిపాదికీ ప్రీమియం ఒక్కటే, నాన్న పేరు మీద. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. పొద్దున్నే నాయనమ్మ స్నానం చేసి వచ్చి సుప్రభాతం పెట్టమనేది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన రికార్డు. ఆవిడ దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా సరిగ్గా శ్లోకం మధ్యలో నేను ఆగిపోయేదాన్ని. గుంటూరు కాలేజీకి వెళ్ళే రైల్లో కూర్చుని అక్క తన పాట నొక్కి ఉంటుంది. ఒక్కరికి ఇచ్చిన అకౌంటులో ఒక్కచోటే పాట మోగుతుంది, రెండోచోట నొక్కితే మొదటిచోట ఆగుతుంది. నాయనమ్మకు ఇదంతా ఎవరు చెప్పారు గనక? "కరెంటు పోయిందేమో చూడరా" అనేది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

ఆగిపోవడం ఒక బాధ, కలగలిసిపోవడం ఇంకో బాధ. ఆ యాపు మనం వినేదాన్ని బట్టి మనకేం నచ్చుతుందో ఊహించి పాటలు వరసగా ఇస్తుంది. ఒకే అకౌంటులో పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం అమ్మ పెట్టుకునే జానకమ్మ పాటలు, సాయంత్రం తమ్ముడి అనిరుధ్, రాత్రి నాన్న ఇళయరాజా. పాపం దానికేం అర్థమవుతుంది? ఘంటసాల గారి పద్యం ముగిసీ ముగియకముందే కొరియా కుర్రాళ్ళ పాట అందుకునేది. తమ్ముడు పరీక్షకు చదువుకుంటూ వినే వరసలో లింగాష్టకం వచ్చేది. ఇంట్లో ఎవరికీ తమ పాట తమకు దొరికేది కాదు.

అప్పుడు ఫ్యామిలీ ప్లాన్ మాట వచ్చింది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో, యూట్యూబ్ మ్యూజిక్ ఆ మరుసటి నెలలో మన దేశంలోకి వచ్చాయి. ఆపిల్ మ్యూజిక్ 2015 నుంచే ఉంది. ఫ్యామిలీ ప్లాన్ అంటే ఆరుగురి దాకా, ఎవరి అకౌంటు వాళ్ళది, డబ్బు మాత్రం ఒక్కరు కడతారు. ఇద్దరు విడివిడిగా కట్టేదానికంటే ఆ రోజుల్లో అది చవక. నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టాడు: తను, అమ్మ, అక్క, తమ్ముడు. నలుగురు. "మా అమ్మకెందుకు, హాల్లో స్పీకరుందిగా" అన్నాడు నన్ను చూపించి.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయన తల్లిని తక్కువ చేద్దామని అన్నది కాదని నాకు తెలుసు. చాలా ఇళ్ళలో జరిగేదే ఇది. పెద్దవాళ్ళు ఎవరో పెట్టింది వింటారు, ఎవరో ఆపితే ఊరుకుంటారు. వాళ్ళకూ ఒక ఇష్టం ఉంటుందనీ, అది సుప్రభాతంతో అయిపోదనీ ఎవరికీ తోచదు. అక్క ఒప్పుకోలేదు. "ఆరుగురికి కట్టి నలుగురం వాడతామా నాన్నా? నాయనమ్మకీ ఒకటి తీద్దాం" అంది. అమ్మ వాడి పక్కన పెట్టిన ఫోను ఎలాగూ నాయనమ్మ దగ్గరే ఉంది. అకౌంటుకు ఈమెయిలు కావాలంటే అదీ తెరిచారు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఓటరు కార్డు తర్వాత ఆవిడ పేరు మీద తయారైన వస్తువు అదే. నాన్న పంపిన లింకు నొక్కి, ఇంటి చిరునామా సరిచూసి, అక్కే ఆవిడ చేత ఓకే కొట్టించింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. మొదట్లో ఆ అకౌంటులోనూ సుప్రభాతమే మోగింది, తర్వాత ఘంటసాల గారి భగవద్గీత. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాయనమ్మ తమ్ముణ్ణి బతిమాలి ముందే పెట్టించుకున్న పద్యం ఒకటి నొక్కింది. ఈలపాట రఘురామయ్య గారిది. ఆయనది గుంటూరు జిల్లా సుద్దపల్లి, ఇక్కడికి దగ్గరే. కృష్ణుడి వేషానికి పెట్టింది పేరు. తెనాలి చుట్టుపక్కల పాతతరం వాళ్ళకు నాటకమంటే ఆయన రాగం, ఆయన ఈల. నాయనమ్మ పెళ్ళికి ముందు తండ్రితో కలిసి రాత్రంతా మేలుకుని నాటకాలు చూసిన మనిషట. ఈ సంగతి నేనూ అప్పుడే విన్నాను, అమ్మతో చెప్పుకుంటుండగా. అత్తగారికి పద్యాలంటే అంత ఇష్టమని అన్నేళ్ళ కాపురంలో అమ్మకూ తెలియదు. "ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?" అంటే, "ఎవరడిగారమ్మా" అంది.

యాపు ఆ పద్యాన్ని పట్టుకుంది. మర్నాడు ఇంకో పద్యం ఇచ్చింది, ఆ తర్వాత మరో రంగస్థల నటుడిది. పద్యాల నుంచి 1957 నాటి మాయాబజార్‌కు, అక్కణ్ణించి 1963 నాటి లవకుశకు దారి తీసింది. లీల, సుశీల గార్లు కలిసి పాడిన పాటలు వస్తే నాయనమ్మ కూరగాయలు తరగడం ఆపి వినేది. ఇప్పుడు వాటి మధ్యలో దూరేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళూ లేరు. నాకున్నది ఒక్కటే స్పీకరు, కుడి ఎడమలు నాకు తెలియవు. ఆ కాలపు రికార్డులు కూడా అలాంటివే కాబట్టి, అవి నా గొంతుకు అతికినట్టు సరిపోతాయి.

వెతకడం మాత్రం ఆవిడకు ఇప్పటికీ కష్టమే. పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, పైగా ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగు. కీరవాణి గారినే తీసుకోండి. తెలుగులో కీరవాణి, తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. 2023లో ఆస్కార్ అందుకున్న మనిషి పాటలనే మూడు పేర్లతో వెతుక్కోవాలంటే, పాత నాటక కళాకారుల సంగతి చెప్పేదేముంది? తెలుగు రికార్డుల పేర్లు తెలుగు లిపిలో కూడా రాసి పెట్టడం పాటల కంపెనీలు చేయదగ్గ పని, చేసి తీరాల్సిన పని. అందాకా తమ్ముడు టైపు చేస్తాడు, నాయనమ్మ నచ్చినవి దాచుకుంటుంది.

పాటలు దాచుకోవడంతో పాటు వినడానికీ విలువుంది. మనం కట్టే చందా నేరుగా మనం విన్న గాయకులకు వెళ్ళదు. అందరి డబ్బూ ఒకచోట చేరి, మొత్తం వినికిళ్ళలో ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి పంచుతారు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే అది ఒక వినికిడి. 2024 నుంచి అక్కడ, ఏడాదిలో 1,000 సార్లయినా వినని పాటకు ఆ లెక్కలో డబ్బు రాదు. సినిమా పాటకు వెయ్యి ఒక పూట పని. పద్యాలకూ, హరికథలకూ, బుర్రకథలకూ వెయ్యి చాలా దూరం. నాయనమ్మ ఆసాంతం విన్న ప్రతి పద్యమూ ఆ దూరాన్ని ఒక్క అడుగైనా తగ్గిస్తుందని నాకు సంతోషం.

డబ్బు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, కార్డు నుంచి నెలనెలా డబ్బు కట్ అయ్యే ముందు రోజే మెసేజి వస్తుంది. నాన్న చదువుకుని ఊరుకుంటాడు. డబ్బు కట్టేవాడికి మిగతావాళ్ళు ఏం విన్నారో కనబడదు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. అమ్మ మధ్యాహ్నాలు వినే పాటలు కొన్ని ఉన్నాయి. అవేమిటో నాకు తెలుసు, చెప్పను. నాన్న కూడా అడగడు.

అక్కకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మేం తీసుకున్న ఫ్యామిలీ ప్లాన్ ఒకే చిరునామాలో ఉండేవాళ్ళకే. ఖాళీ చోట్లను ముక్కూమొహం తెలియనివాళ్ళకు అమ్ముకునే వాళ్ళున్నారు, ఊళ్ళు దాటిపోయినా ఊరుకునేవాళ్ళూ ఉన్నారు. "ఉండనీ అమ్మా, ఎవరు చూడొచ్చారు" అన్నాడు నాన్న. "ఆ ఇంట్లో ఉండట్లేదు కదా నాన్నా, జీతం వస్తోంది, నాది నేను కట్టుకుంటా" అని అక్క తనంతట తనే తప్పుకుంది. ఆ పిల్ల చేసిన పని నాకు గౌరవంగా తోచింది. తను దాచుకున్న పాటలు ఎక్కడికీ పోలేదు, అకౌంటు తనదే గనక అవీ తన వెంటే వెళ్ళాయి.

ఖాళీ అయిన చోటు పెద్దత్తకు ఇచ్చారు. నాన్నకు అక్క, ఈమధ్యే ఇక్కడికి వచ్చి ఉంటోంది. ఈసారి నాన్నకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేకపోయింది, తనే అక్కగారి ఫోను తీసుకుని లింకు నొక్కించాడు. పెద్దత్త అడిగిన మొదటిది బుర్రకథ. నాజర్ గారిది ఉందేమో చూడమంది. ఆయనది పొన్నెకల్లు, మన జిల్లావాడే అని తమ్ముడికి వివరంగా చెప్పింది.

నాయనమ్మకూ అక్కకూ కలిసి ఒక ప్లేలిస్టు ఉంది, ఇద్దరూ పాటలు చేర్చుకునేది. దానికి ఒకే ప్లానులో ఉండక్కర్లేదు. బెంగళూరు నుంచి అక్క చేర్చిన పాటను నాయనమ్మ ఇక్కడ నా దగ్గర వింటుంది, విన్నాక ఫోను చేస్తుంది.

"ఏమే, ఆ మూడోది తీసెయ్యి. దరువే గానీ పాటేదీ అందులో?"

"రెండుసార్లు విను నాయనమ్మా, అప్పుడు చెప్పు."

నాయనమ్మ ఇంకోసారి పెట్టింది.