బండిగారి వాకింగ్

పెద్దబండాయనకి షుగర్ ఎంతుందో భార్యకి తెలుసు, డాక్టరుకి తెలుసు, ఆయనకే గుర్తుండదు. బండిలో కూలెంటు ఎంత వేడి మీదుందో అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. ఇలాంటివారు మా రుషికొండలో సెల్లారుకొకరు ఉన్నారు కాబట్టి, ఇది తన గురించే రాశానని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

డాష్‌బోర్డు మీది ముల్లుని ఆయన నమ్మరు. "అది మొహమాటం ముల్లండీ! ఎనభై దగ్గరా మధ్యలోనే ఉంటుంది, నూరు దగ్గరా మధ్యలోనే ఉంటుంది" అంటారు. ఆ మాట నిజమే. నడిపేవాడు ఊరికే కంగారుపడకూడదని చాలా కంపెనీలు ముల్లుని అలా అమరుస్తాయి. అందుకే స్టీరింగు కింద ఓ చిన్న పరికరం గుచ్చి, దాన్ని ఫోనుకి కలిపి, అంకెలు చూసుకుంటూ నడుపుతారు. 88 డిగ్రీలుంటే ఘంటసాల పాట అందుకుంటారు. 96కి పాట ఆగుతుంది. నూరు దాటితే పక్కసీట్లో ఆవిడ కూడా ఊపిరి బిగబట్టాలి.

ఆయన అంత పెద్ద డీజిల్ బండి కొన్నది అరకు ఘాట్ ఎక్కడానికి. అరకు ఏడాదికోసారి. మిగతా రోజులన్నీ ఎండాడ దాకా కొత్తిమీరకి. చిక్కంతా అక్కడే వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలొచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటోంది. పట్టిన మసి కాలాలంటే అక్కడ వేడి 600 డిగ్రీల దాకా పోవాలి. కొత్తిమీర ప్రయాణంలో ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే కూరల కొట్టు వచ్చేస్తుంది. ఓ రోజు పసుపు దీపం వెలిగింది. ఆయన వణుకుతూ గాజువాక ఆటోనగర్ వెళ్ళారు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "ఇంజనుకేటీ అవనేదండి బాబూ. దీనికి నడక నేదు, అదే రోగం. వారానికోపాలి హైవే ఎక్కించి, ఆపకుండా తోలండి" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే డాక్టరు కూడా నడవమన్నాడు. రెండు చీటీల్లో ఆయన ఒకటే పాటించారు. ఆదివారం తెల్లవారగానే ఎండాడ దగ్గర హైవే ఎక్కి, ఆనందపురం, తగరపువలస మీదుగా భీమిలి దిగి, సముద్రం పక్కనుంచి ఇంటికి. దారిలో ఆవిడ టీ తాగుదామంటే, "మసి కాలుతోంది, ఇప్పుడు ఆపకూడదు" అంటారు. మూణ్ణెల్ల తర్వాత డాక్టరు, "వాకింగ్ చేస్తున్నారా?" అని అడిగితే, "వారం వారం యాభై కిలోమీటర్లండి" అని చెప్పారట. డాక్టరు కలం ఆగిపోయింది. "నడిచేది బండండీ, ఈయన కూర్చుంటారు" అని ఆవిడ సర్దిచెప్పింది.

అంతకుముందు ఇంకో ముచ్చట. ఊళ్ళో అందరి బండ్లలో ఇంజనాయిలు తగ్గుతుంది, తన బండిలో మాత్రం పెరుగుతోందని ఆయన కొంతకాలం లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. మసి కాల్చడానికి ఇంజను అదనంగా చిమ్మిన డీజిలు, ఆ పని మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఆయిల్లోకి దిగుతుందని మెకానిక్ చెప్పాకే ఆ గొప్ప తగ్గింది. కూలెంటు గొప్ప మాత్రం మిగిలింది. "ఏడాదైంది, చుక్క తగ్గలేదు. గీత దగ్గర అలాగే నిలబడి ఉంది" అనేవారు.

ఈ మే నెలలో అరకు బయల్దేరారు. బండినిండా మనుషులు, మనుషుల మీద సామాను, వెనక సీట్లో అత్తగారు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైంది. ముందు ఓ బస్సు, రెండో గేరు, చల్లగా ఏసీ. నెమ్మదిగా ఎక్కే బండికి రేడియేటరులోకి ఎదురుగాలి చాలదు. పైగా సముద్రం కనిపించే ఫ్లాటని మురిసి కొన్నచోట ఉప్పుగాలి ఆ రేడియేటరు జాలీని తినేస్తోందన్నది బ్రోచరులో రాయరు కదా. 99. 104. 108. ఆయన ఏసీ కట్టేసి హీటరు పూర్తిగా తిప్పారు. ఇది పిచ్చిపని కాదు. హీటరు లోపల ఉండేది ఇంకో బుల్లి రేడియేటరే, ఇంజను వేడిని అది లోపలికి లాగేస్తుంది. లోపలున్నది మనం.

"అల్లుడుగారూ, అరకు చూపిస్తానన్నారా, ఆవిరి కుడుములు పెడతానన్నారా?" అంది అత్తగారు.

మలుపులో ఆపి బానెట్ ఎత్తారు. మన దేశంలో ఎత్తిన బానెట్ చుట్టూ నిమిషంలో కమిటీ ఏర్పడుతుంది. ఒకాయన నీళ్ళ సీసా పట్టుకుని మూత తిప్పబోయాడు. పెద్దబండాయన రెండు చేతులూ చాపి అడ్డం పడిపోయారు. ఆయన జీవితంలో చేసిన అసలైన సాహసం అదే, నేను కాదనను. బిగించిన మూత కింద ఒత్తిడి వల్ల ఆ నీళ్ళు 100 దగ్గర మరగవు, 120 దాకా ఓర్చుకుంటాయి. మూత తీస్తే ఒక్కసారిగా మరిగి మొహాన పడతాయి. ఆయన ఇదంతా వివరిస్తుండగా, టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకున్న పాత జీపొకటి పక్కనుంచి పైకి పోతూ, "మంచినీళ్ళేటైనా కావాలాండీ?" అని అడిగింది.

ఆటోనగర్లో విప్పి చూస్తే వాటర్ పంపు ఏడాదిగా కారుతోంది. రేడియేటరు గొట్టాల్లో గార. అందులో ఉన్నది కూలెంటు కాదు, బోరునీళ్ళు. ఇంటికొచ్చి బండి కడిగే వాచ్‌మన్‌ని నిలదీశారు.

"తవరి బండికి దాహమేస్తందని నానే రోజూ గీత దాకా పోస్తన్నానండి" అన్నాడతను.

పంపు మార్చారు. బండి తాళాలు వాచ్‌మన్ దగ్గర్నుంచి తీసేసుకున్నారు. అతను చిన్నబుచ్చుకుని, ఇప్పుడు బకెట్ పట్టుకుని మూడో అంతస్తు వాళ్ళ కొత్త ఎలక్ట్రిక్ కారు చుట్టూ తిరుగుతున్నాడు. పోసే మూత ఎక్కడుందో ఇంకా దొరకలేదట.