వేగోపాసకులు

1931లో పార్వతీపురము–రాయపూరు రైలుమార్గము పూర్తియైన పిదప, ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్రమునుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చి రాయపూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. ఆ కుటుంబమున జన్మించి, ఇచ్చటి వ్యాగన్ రిపేరు షాపులో బ్రేకులు సరిచేయుటయందే ఉద్యోగజీవితమంతయు వ్యయపరచి, బండికి పరుగు గొప్ప కాదు, ఆగుటయే గొప్ప యని మాకు చిన్ననాట బోధించిన మా బాబాయిగారు, పదవీవిరమణానంతరము ఇంటికి కంప్యూటరు తెచ్చుకొన్న నాడే ఆ సిద్ధాంతమును సమూలముగ విడిచి వేగోపాసకులైరి.

లోకులు కంప్యూటరును ఆన్ చేసి, అది సిద్ధమగువఱకు ఊరకుందురు. ఆయన ఆన్ చేసిన మరుక్షణమున డిలీట్ మీటను జపమాల త్రిప్పినట్లు త్రిప్పలేక టకటక నొక్కి, విండోస్ కన్ను తెరవకముందే యంత్రపు మూలపు అమరికలుండు బయోసులోనికి చొరబడుదురు. మొదట ఆయనకు అచ్చట దొరకినది సత్యమే యని ఒప్పుకొనక తప్పదు. పెట్టెపై 3200 అని అచ్చువేసి అమ్మిన డీడీఆర్4 ర్యామ్, ఎవరును పట్టించుకొననిచో, 2133 వద్దనో 2400 వద్దనో మందగమనమున కాలక్షేపము చేయుచుండును. ఇంటెల్ వారు 2007లో ప్రవేశపెట్టిన ఎక్స్ఎంపీ అను అమరికను ఆన్ చేసిననే, ఓల్టేజి 1.2 నుండి 1.35కు పెరిగి, పెట్టెపై నున్న వేగము చేతికి వచ్చును. "మనం డబ్బిచ్చి కొన్న పరుగును లోపలే దాచేశార్రా!" అని ఆ రాత్రి ఆయన పొందిన ధర్మాగ్రహమును చూచి నాకును ముచ్చట వేసెను.

అంతటితో ఆగినచో ఆయన మా బాబాయిగారు కారు. ఉగాదిపచ్చడికి పిలిచిన ఇంటికైనను జేబులో స్క్రూడ్రైవరు లేక వెళ్లరు. గిన్నె చేతికి రాకమునుపే "మీ పిల్లాడి కంప్యూటరేదమ్మా, ఒక్కసారి రీస్టార్టు చెయ్యమను" అనుటయు, పిల్లవాడు పెరటి గుమ్మమున నిష్క్రమించుటయు పరిపాటి. ర్యామ్ టైమింగులు బిగించుట, ప్రాసెసరు మల్టిప్లయరు పెంచుట, ఓల్టేజి ఒక వీసమెత్తు తగ్గించుట, రాత్రియంతయు మెమ్‌టెస్ట్ నడిపించి ఎఱ్ఱగీత పడునేమో యని కాచుకొనుట. తెర ఒక్క క్షణము ముందు తెరుచుకొనుటకై ఒక నిద్రను బలియిచ్చుట ఆయనకు లాభసాటి బేరమే.

ఈ తపస్సునకు ఆయన ఎన్నుకొను ఋతువు నౌతపా అను మండుటెండల తొమ్మిది దినములు. రాయపూరున జనులు తలుపులు మూసికొని కూలరు ముందు ప్రాణములు నిలుపుకొను ఆ దినములలో, ఇంటి కూలరు మొగము కంప్యూటరు వైపు తిరుగును. తడిగాలి యంత్రమునకు హితము కాదు కనుక అందు నీరు పోయుటయు నిషిద్ధము. ఎండుగాలిలో కూర్చున్న మా పిన్ని "దానికి జ్వరమొస్తే గాలి, నాకొస్తే విసనకర్రా?" అని అడిగినది న్యాయమే. ఇంత చేసినను, వేడి నూఱు డిగ్రీల దరి చేరినంతనే ప్రాసెసరు ఆత్మరక్షణార్థము తన వేగమును తానే తగ్గించుకొనును. "నా దగ్గరే బ్రేకు వేస్తుందా!" అని జీవితమంతయు బ్రేకులు బిగించిన ఆ మహానుభావుడు ఉడికిపోవును.

ఒక్కొక్కప్పుడు యంత్రము బొత్తిగ నోరు మూసికొనును. అప్పుడాయన తొణకరు; మూత విప్పి, సీఆర్2032 బ్యాటరీని పెఱికి, కొంతసేపు కాఫీ త్రాగి, మరల పెట్టుదురు. పింఛనుదారులు తాము జీవించియున్నట్లు నిరూపించుకొనవలసిన నవంబరు మాసమున మాత్రము ఆ వైద్యమును ఫలింపక, కంప్యూటరు మృతిచెంది యుండుటచే, జీవన్ ప్రమాణ్ ఇంట కూర్చుండి పంపదలచిన బాబాయిగారు బ్యాంకు వరుసలో సశరీరముగ నిలువవలసివచ్చెను.

ఇంతకును ఆ వేగముతో ఆయన చేయు కార్యమేమనగా, విజయనగరము పోవుటకు తత్కాల్ టిక్కెట్టు తీయుట. ఉదయము 11 గంటలకు స్లీపరు తరగతి తెరుచుకొనగనే ఆయన కంప్యూటరు మెఱుపువలె సిద్ధమగును. దేశమంతయు అదే నిమిషమున అదే మీట నొక్కుటచే తెరపై చక్రము మాత్రము తిరుగుచునే యుండును. తుదకు వెయిటింగ్ లిస్టు వచ్చినపుడు మేము ఓదార్చబోగా, ఆయన మమ్ము జాలిగ చూచి, "మన తప్పేం లేదురా. అవతల సర్వరులో ఎవడూ ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉండడు" అనిరి.