ఇనుపరాడ్డుల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. ఇంటిలోనె నేను ఇనుపరాడ్డులు చేస్తి
కంపెనీవికన్న గట్టివివియె
కొండ యెక్కి దిగిన కొంచెమైనను వంగ
వనుచు బలికె సారు వాడవాడ.

అవతారిక. సత్యవేడులో మా వీధి మేడమీద ఒక మేనేజరు సారు అద్దెకుంటారు. రోజూ శ్రీ సిటీకి పోయివస్తారు. ఆయన కంపెనీకి బండ్లతో ఏ సంబంధమూ లేదు. ఆయనకు మాత్రం ఒక పాత జీపు ఉంది. ఆదివారమైతే దాన్ని ఉబ్బలమడుగు దారిలోనో, నాగలాపురం కొండల కిందో రాళ్లమీద ఎక్కించి దించుతారు. పోయిన వేసవిలో ఒక బండ తగిలి, ముందు చక్రాలను కలిపే టై రాడ్డు విల్లులా వంగింది. నెల తిరక్కుండా కొత్తది వచ్చింది. ఆ కొత్తదాన్ని గురించి టీ అంగడి దగ్గరా, గుడి దగ్గరా, చివరికి పక్కింటి సీమంతంలో కూడా సారు చెప్పిన మాటలనే నేను ఆటవెలదిలో పెట్టాను. మాటలు ఆయనవి, గణాలు నావి. ముప్పై ఏళ్లు పిల్లల చేత ప్రతిపదార్థాలు రాయించిన తెలుగు అయ్యవారిని. రిటైరైనా చెయ్యి ఊరుకోదు.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు, మన మెదకు సీమవాడు మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను.

టీక. కంపెనీ, కొండ, దిగుట మొదలైనవి సులభములు. వదిలేస్తున్నాను.

ఇంటిలోనె: ఏకారం అవధారణకు. ఇంట్లోనే, ఇంకెక్కడా కాదు అని. ఇక్కడ ఇల్లు అనే మాట వైశాల్యం గమనించాలి. పైపు గుమ్మిడిపూండిలో పాత ఇనుము అంగట్లో తెచ్చింది. కొసలకు పెట్టే బాల్ జాయింట్లు మద్రాసు పుదుప్పేటలో కొన్నవి. మర కోసింది తడ రోడ్డులో ఒక లేత్ షెడ్డు. వెల్డింగు దాని పక్క షెడ్డు. అంటే సారు ఇల్లు రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉందన్నమాట. పడకగది పుదుప్పేటలో, వంటగది తడ రోడ్డులో. నిజంగా ఇంట్లో జరిగింది ఒక్కటే, నల్లరంగు పూయడం. అదీ ఆరకముందే పట్టుకుని మురిసిపోయినట్టున్నారు, రాడ్డు నడుమ ఒక బొటనవేలి ముద్ర గీతలతో సహా తేటగా పడి ఉంది. ఇంటిలోనె అన్న పదానికి ప్రత్యక్ష ప్రమాణం ఆ ముద్ర.

నేను ఇనుప: ఇక్కడ సంధి జరగాలి, జరగలేదు. విసంధి దోషమని పండితులు పట్టుకుంటారు. సంధి చేస్తే ‘నేనినుప’ అయి గణం చెడుతుందని కవి తరఫున చెప్పుకోవచ్చు గానీ, అసలు కారణం ఔచిత్యం. సారుకూ ఇనుముకూ ఏనాడూ సంధి కుదరలేదు. ఎదురుపడింది రంగు డబ్బా దగ్గరే.

రాడ్డులు: బహువచనం గౌరవానికి కాదు, రెండున్నాయి. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం దాకా లాగేది డ్రాగ్ లింకు. ఆ చక్రాన్ని ఈ చక్రానికి జోడించేది టై రాడ్డు. మొదటిది ఆజ్ఞ, రెండోది దాంపత్యం. ఈ టై రాడ్డుకు ఒక కొసన మామూలు కుడి మర, రెండో కొసన ఎడమ మర. ఈ ఎడమ మర దగ్గర కాసేపు ఆగుదాం. పద్యానికి అవసరమై కాదు, నాకిష్టమై.

శంఖాల్లో దక్షిణావర్తం అరుదు, మరల్లో వామావర్తం అరుదు. సీసా మూత, నీళ్ల పైపు, కుర్చీ బోల్టు, అన్నీ కుడికి తిప్పితే బిగిసేవే. ఒకే పైపుకు ఈ కొసన కుడి, ఆ కొసన ఎడమ పెడితే ఒక వింత జరుగుతుంది. పైపును అటు తిప్పితే రెండు కొసల జాయింట్లూ ఒక్కసారే లోపలికి వస్తాయి, ఇటు తిప్పితే ఒక్కసారే బయటికి పోతాయి. ఏదీ ఊడదీయకుండానే రాడ్డు పొడవు సవరించుకోవచ్చు. టైర్ల ముందువైపు ఎడం, వెనకవైపు ఎడం టేపుతో కొలిచి, ముందుది రవ్వంత తగ్గేదాకా పైపు తిప్పి, చెక్ నట్లు బిగిస్తారు. రెండూ కుడి మరలే అయితే ఒకటి వచ్చినంత మేరా ఇంకొకటి పోతుంది, పొద్దుగూకులా తిప్పినా పొడవు మారదు.

ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు వేంకటాధ్వరి గుర్తొస్తాడు. 17వ శతాబ్దం వాడు, కాంచీపురం దగ్గరివాడు, అంటే మాకు ఇరుగుపొరుగే. ఆయన రాఘవయాదవీయంలో 30 శ్లోకాలు. ముందు నుంచి చదివితే రాముడి కథ, అవే అక్షరాలు చివరి నుంచి వెనక్కి చదివితే కృష్ణుడి కథ. అది టై రాడ్డు. ఒక్క దీర్ఘం జారితే రామాయణమూ చెడుతుంది, భాగవతమూ చెడుతుంది. మన పింగళి సూరన రాఘవపాండవీయం అలా కాదు. అక్కడ ఒకే వైపు చదివితే రెండు కథలు, రాముడిదీ పాండవులదీ. ఒకే మరకు రెండు నట్లన్నమాట. సూరన తక్కువవాడని అనడం లేదు, అంటే నా చెవి మెలేసేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ సూరనలో ఎడమ మర లేదు. వెనక్కి నడిచే శ్లోకం రాసేవాడు ఏ కొసన మొదలుపెట్టేవాడో అని నా ఉద్యోగకాలమంతా ఆలోచించాను. ఆ జవాబు నాకు లేత్ షెడ్డులో దొరికింది.

మేస్త్రీ ఎడమ మర కోస్తుంటే పక్కనే నిలబడి చూశాను. సారు లేరు, ఆ రోజు ఆయనకు ఆడిట్. పైపు కొసలో దిగేసి వెల్డు చేసే బుష్షును చక్‌లో బిగించాడు. లోపలి కొసన ముందుగా ఒక గాడి తీసి, పనిముట్టును ఆ గాడిలో నిలిపి, గేరు మార్చి, లోపలి నుంచి బయటికి నడిపించాడు. మామూలు మర బయటి నుంచి లోపలికి నడుస్తుంది. పైన తాడుకు వేలాడదీసిన కొబ్బరిచిప్ప చిల్లులోంచి నూనె చుక్క చుక్కగా పడుతూంది. ఒక్కో కోతకు వెంట్రుకవాసి లోతు. ఇనుప తురుము చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గర రాలుతూంది. ఎన్నో కోతల తర్వాత జాయింటు తెచ్చి తిప్పితే సగం దాకా పోయి ఆగింది. ఆయన బలం పెట్టలేదు. తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ఒక కోత. “ఇప్పుడు బలంగా తిప్పితే దిగతాది అయ్యవారూ. రేపు విప్పాల్నంటేనే రాదు,” అన్నాడు. వేంకటాధ్వరి కూడా లోపలి గాడిలో మొదలుపెట్టి బయటికి నడిచి ఉంటాడని అప్పుడనిపించింది.

సారు సంగతి మరిచాను.

చేస్తి: చేసితిని అనడానికి మా సీమ రూపం. సారు గుంటూరు వారు, గణం కోసం మా యాస అరువిచ్చాను. రూపం సరే, ధాతువే తప్పు. చేయుకు ‘ఇంచు’ తగిలిస్తే చేయించు అవుతుంది, దాన్ని ప్రేరణార్థకం అంటాం. ఆరో తరగతి పాఠం. పాణిని లెక్కలో పనిలో స్వతంత్రుడు కర్త, ఆ కర్తను పురమాయించినవాడు హేతువు. సారు హేతువు, అందులో తగాదా లేదు. జీపు ఆయనది, డబ్బు ఆయనది, బండ కూడా ఆయన వెతుక్కున్నదే. కర్త మాత్రం షెడ్డులో ఉన్నాడు.

కృష్ణదేవరాయలు 1516లో శ్రీకాళహస్తి గాలిగోపురం కట్టించాడు. కట్టించాడు. మన శాసనాల నిండా ఈ ‘ఇంచు’లే. చెరువు తవ్వించిరి, మంటపము కట్టించిరి, దీపము పెట్టించిరి. ఏనుగులూ, సైన్యాలూ, మూడు సముద్రాల బిరుదులూ ఉన్నవాళ్లు రెండక్షరాల ప్రత్యయాన్ని మింగలేదు. బ్రౌను దొర మనుచరిత్రకు జూలూరి అప్పయ పండితుడి చేత వ్యాఖ్య రాయించాడనే నేటికీ చెప్పుకుంటున్నాం. మేడమీద అద్దెకున్న మనిషి మాత్రం ‘ఇంచు’ను ఇంచుక కూడా మిగల్చలేదు.

ఈ జబ్బు ఆ స్టీరింగు పుట్టుకలోనే ఉందని సారు తరఫున ఒక సమాధానం చెప్పవచ్చు. మలుపులో లోపలి చక్రం తిరిగే వలయం చిన్నది, బయటి చక్రానిది పెద్దది. అందుకని లోపలిది కాస్త ఎక్కువ మళ్లాలి. ఆ లెక్క కుదిర్చే చువ్వల అమరికను లోకమంతా ఆకర్‌మన్ అంటుంది. కనిపెట్టింది మ్యూనిక్‌లో గుర్రబ్బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్. 1818లో అతని తరఫున లండన్‌లో పేటెంటు తీసుకున్నవాడు ఆకర్‌మన్, బొమ్మలూ పుస్తకాలూ అచ్చేసి అమ్ముకునే పెద్దమనిషి. లాంకెన్‌స్పెర్గర్ అని పలకడానికి నోరు తిరగదు, ఒప్పుకుంటాను. మా మేస్త్రీ పేరు రెండక్షరాలు. నేను రాస్తానంటే ఆయనే వద్దన్నాడు. సారుకు ఎవరూ వద్దనలేదు.

గట్టివివియె, వంగవు: ఈ రెంటినీ కలిపి చెప్పాలి. పైపు మందం పాతదానికి దాదాపు రెట్టింపు, నిజమే. బండ తగిలినా వంగదు, అదీ నిజమే. కానీ వంగడం రాడ్డు దోషమా? బండ కొట్టిన దెబ్బ ఎక్కడో ఒక చోట దిగాలి. రాడ్డు వంగితే అడవిలోనే విప్పి, రాతిమీద పెట్టి, సుత్తితో కొట్టి, ఇంటిదాకా మెల్లగా రావచ్చు. రాడ్డు వంగనంటే ఆ దెబ్బ బాల్ జాయింటుకో, స్టీరింగ్ బాక్సుకో పోతుంది. సారు జీపులో అదే అయింది. రెండో ఆదివారానికి బాక్సును పట్టుకున్న చోట చాసీకి వేలెడంత పగులు. రాడ్డు వంగలేదు, పద్యం అబద్ధం చెప్పలేదు.

మరి వెల్డింగు? ఎవరు చూశారు దాన్ని? వేసింది పదిహేడేళ్ల కుర్రాడు, నల్లద్దం పగిలిపోతే చెయ్యి అడ్డం పెట్టుకుని వేశాడు. బ్రేకు పోతే గేరుంది, హ్యాండ్ బ్రేకుంది. స్టీరింగ్ రాడ్డు ఊడితే ఏముంది? చేతిలో చక్రం చేతిలోనే తిరుగుతుంది, రోడ్డుమీది చక్రం దాని దారిన అది పోతుంది. ఈ జీపు కొండమీదే ఉండిపోదు. తడ దగ్గర జాతీయ రహదారి ఎక్కుతుంది. ఎదురుగా శ్రీ సిటీ షిఫ్టు బస్సులు వస్తుంటాయి. వాటి నిండా మా సత్యవేడు, వరదయ్యపాళెం ఆడపిల్లలు, నేను గుణసంధి చెప్పిన పిల్లలు, కిటికీకి తల ఆనించి నిద్రపోతూ. కంపెనీ నిర్దేశాలు మారేట్టు బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సారుకు చూపించాను. “అది కేరళ కేసు పంతులుగారూ,” అన్నారు.

ఇది టీక కాకుండా పోయింది. క్షమించాలి.

వాడవాడ: శ్లేష. వాడ అంటే వీధి, ప్రతి వీధిలోనూ అని మొదటి అర్థం. పారిశ్రామికవాడ, అంటే ఇక్కడ శ్రీ సిటీ, రెండో అర్థం. రెండోది నొక్కి చదవాలి. ఈ వాడలోనే ఇసుజు వాళ్లు 2016 నుంచి పికప్ బండ్లు చేస్తున్నారు, నాలుగు చక్రాలూ లాగే వీ-క్రాస్ కూడా ఇక్కడిదే. బండి ఏదైనా, నేటి కర్మాగారాల్లో స్టీరింగు నట్టు ఎంత బలంతో బిగిసిందో యంత్రమే అంకె రాసి పెడుతుంది. సారు పనిచేసే చోట బండ్లు లేకపోయినా, కాగితం లేకుండా చీపురు కూడా లోపలికి రాదట. ఎవరు చేశారు, ఎవరు చూశారు, ఏ తేదీ, రెండు సంతకాలు. సోమవారం నుంచి శనివారం దాకా అంత ‘ఇంచు’తో బతికే మనిషి ఆదివారం పొద్దున ఒక్కసారిగా కర్త అయిపోతాడు.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తి అనేవారు సారును ఎరగరు.

తాత్పర్యం. ఇది రాసేముందు లేత్ షెడ్డుకు పోయి, ఈ రాడ్లు ఎవరు చేసినట్టు అని మేస్త్రీనే అడిగాను. ఆయన చక్ తాళం చేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించి, “జీపు సారుది గదా అయ్యవారూ, రాడ్లూ సారువే,” అన్నాడు. నేను మెట్లు దిగుతుండగా వెనక నుంచి పిలిచాడు. “మీరు ఆ వీధిలోనే గదా ఉండేది. కుడి మరకు డబ్బులిచ్చినాడు. ఎడమ మరకు మూణ్ణూర్లు రావాల. ఒకమాట చెప్తారా?”