రాట్నం పక్కన కూర్చునేదెవరు?

మా రోజుల్లో నూలు వడకడం నేర్చుకోవడానికి టికెట్టు కొనేవాళ్లం కాదు. ఇప్పుడు విశాఖలో ఆదివారం వస్తే చాలు, బీచ్ రోడ్డు దగ్గర ఏదో ఒక హాల్లో రెండు గంటల వర్క్‌షాపు. పిల్లల్ని కారులో తెచ్చి దింపుతారు. తెల్ల టీషర్టుకి రబ్బరు బ్యాండ్లు చుట్టించి, ప్యాకెట్ రంగులో ముంచించి, అది ఆరకముందే ఫొటో తీసి, మా వాడికి అద్దకం వచ్చేసిందని పదిమందికీ పంపుతారు. రెండు గంటల్లో ఏ చేతిపనీ రాదు. పని ఎలా ఉంటుందో కూడా తెలియదు. పిల్లల మీద నాకు కోపం లేదు. ఒంటి మీది చొక్కాకి దారం ఎక్కడ పుడుతుందో వాళ్లకి ఎవరూ చూపించలేదు. చూపించాల్సిన బడి మానేసింది, ఇల్లు మానేసింది, ఊరు మానేసింది. నా గొడవంతా దాని గురించే.

నేను చదివింది వన్‌టౌన్‌లో ఒక మునిసిపల్ బడి. నాన్న పోర్టులో గుమాస్తా. అరవై ఏళ్ల కిందటి మాట. లెక్కలకీ తెలుగుకీ ఉన్నట్టే మాకు క్రాఫ్టుకీ ఒక పీరియడు ఉండేది. మాస్టారు తలా ఒక తకిలీ, కొన్ని ఏకులు ఇచ్చేవారు. ఇత్తడి బిళ్లకి గుచ్చిన సన్నటి కమ్మి, తకిలీ అంటే అంతే. కుడిచేత్తో దాన్ని గిర్రున తిప్పాలి, ఎడమచేత్తో ఏకుని పట్టుకుని పైకి సాగదీయాలి. సాగదీత ఎక్కువైతే దారం తెగుతుంది, పురి ఎక్కువైతే మెలిపడుతుంది. రెండూ కుదిరేదాకా మాస్టారు వదిలేవారు కారు. వడికిన నూలు చిలపలు చుట్టి అప్పజెప్పాలి. మార్కులు దానికే.

ఆ పీరియడు కాలక్షేపానికి పెట్టింది కాదు. చేతిపని చుట్టూ చదువు అల్లాలని 1937లో గాంధీజీ వార్ధాలో ముందుపెట్టిన నయీ తాలీమ్ నుంచి వచ్చింది. దాని వేళ్లు మన నేలలోనూ ఉన్నాయి. 1921లో మార్చి నెలాఖరున బెజవాడలో కూర్చున్న కాంగ్రెసు కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, దేశమంతటా 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలో అఖిల భారత ఖద్దరు బోర్డు ఏర్పడింది. ఇంత చరిత్ర ఉన్న తెలుగు గడ్డ మీద ఇవాళ తకిలీ చూపిస్తే గుర్తుపట్టే పదో తరగతి పిల్లవాడు దొరకడు.

బడిలో నేర్చింది ఓనమాలు మాత్రమే. అసలు పని చూసింది వేసవి సెలవుల్లో, పొందూరు దగ్గర మామ్మగారి ఊళ్లో. పొందూరు ఖద్దరు సన్నదనం గురించి విని గాంధీజీ ఆ పని చూసి రమ్మని తన కొడుకు దేవదాస్ గాంధీని పంపారు. 1949లో అక్కడ ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో వినోబా భావే వచ్చి సంఘం భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కినేని నాగేశ్వరరావుగారి ఒంటి మీద పంచె చూసి పొందూరు పేరు తెలుసుకున్నవాళ్లు రాష్ట్రమంతా ఉన్నారు. పేరు తెలిసినవాళ్లలో ఆ పంచె వెనక ఎన్ని పనులున్నాయో తెలిసినవాళ్లు ఎందరు?

కొండపత్తి ఇంటికి చేరాక మొదటి పని దువ్వడం. దానికి వాడేది వాలుగ చేప దవడ. ఆ దవడ నిండా ఉండే సన్నటి పళ్లు పత్తిలోని చెత్తను లాగేసి, పీచును తిన్నగా చేస్తాయి. లోకంలో ఎన్ని యంత్రాలు వచ్చినా పొందూరు వాళ్లు ఆ దవడను వదల్లేదు, ఎందుకంటే పీచు తెగకుండా అంత మెత్తగా దువ్వే పనిముట్టు వాళ్లకి మరొకటి దొరకలేదు. తర్వాత పలక మీద పత్తి పరిచి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ విడిపోతుంది. ఆ దూదిని చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అప్పుడు గానీ రాట్నం దగ్గరికి రారు. ఇరవై నాలుగు ఆకుల పెద్ద చక్రం, ఒకే ఒక్క కదురు.

మామ్మ పక్కన కూర్చోబెట్టుకునేది, కానీ మొదట రాట్నం ముట్టుకోనిచ్చేది కాదు. ముందు చెత్త ఏరాలి, తర్వాత గింజ తీయాలి, ఆ తర్వాత ఏకు చుట్టాలి. ఒక పని చేతికి పట్టుబడ్డాకే తర్వాతి పని. చివరికి కదురు దగ్గరికి రానిచ్చినప్పుడు ఒకటే మాట: "ఒరే గుంటడా, బిగబట్టకు. దూది దానంతట అదే వస్తాది. నువ్వు అడ్డురాకు." పాఠం అంతే. మిగతాదంతా ఆవిడ వేళ్లని చూసి పట్టుకోవాల్సిందే. మా ఈడు ఆడపిల్లలైతే ఏడాది తిరిగేసరికి మాట్లాడుకుంటూనే వడికేసేవారు.

ఆ నూలు సన్నదనం ఎంతో లెక్క చెబుతాను. 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకి ఎన్ని తూగితే అది ఆ నూలు నంబరు. పొందూరులో నూరో నంబరు వడికేవారు, అంతకు మించీ వడికేవారు. అంటే పౌను దూదిలో 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. విశాఖలో ఒక కొస పట్టుకుని బయల్దేరితే విజయనగరం దాటిపోయే పొడవు. అంత దారాన్నీ ఒక మనిషి, ఒక కదురు, పది వేళ్లు కలిసి తీశాయి. ఇది రెండు గంటల వర్క్‌షాపులో వచ్చే విద్యా?

నేత కూడా అంతే. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. ఎండ ముదిరితే గంజి పెళుసెక్కి దారం తెగుతుంది. ఏ వేళకి ఏ పనో ఊళ్లో పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెగిన పోగులు అతకడం వాళ్ల పని. పోగు అతకడం వచ్చాక కండెలు చుట్టడం, అది వచ్చాక గుంట మగ్గం మీద నాడె విసరడం. చదువుకి మెట్లున్నట్టే ఆ పనికీ మెట్లుండేవి. ఇప్పటివాళ్లకి ఆఖరి మెట్టు మీద నిలబడి ఫొటో కావాలి.

రంగుల సంగతి మామ్మ చెప్పగా విన్నదే ఎక్కువ. నీలిమందు ఉత్త నీళ్లలో కరగదు. సున్నం, బెల్లం, తగిరిస గింజలు వేసి తొట్టిని పులియబెట్టాలి. అందులో ముంచిన నూలు పైకి తీసినప్పుడు పచ్చగా ఉండి, గాలి తగిలాక నీలమవుతుంది. ఎరుపుకి చిరివేరు, రంగు నిలవడానికి కరక్కాయ, పటిక. తొట్టి పదునెక్కిందో లేదో వాసన చూసి చెప్పేవారట. 1897లో జర్మనీ కంపెనీ ఫ్యాక్టరీ నీలిమందును అమ్మకానికి తెచ్చాక ఆ తొట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పెడన కలంకారీ వాళ్లు, లక్కబొమ్మలకి మన ఏటికొప్పాక వాళ్లు చెట్ల రంగుల్ని ఇంకా పట్టుకుని ఉన్నారు కాబట్టి ఆ విద్య పూర్తిగా పోలేదు.

విశాఖ అంటే ఓడలు, ఉక్కు అనుకునేవాళ్లకి ఒక మాట. పోర్టు వచ్చింది 1933లో. ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది 1971లో. పోర్టుకి రెండున్నర శతాబ్దాల ముందే, పదిహేడో శతాబ్దం చివర్లో, ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ పెట్టింది. ముఖ్యంగా బట్ట కోసం. డచ్చివాళ్లు భీమునిపట్నంలో దిగిందీ ఈ వ్యాపారానికే. ఇక్కడి బట్ట నాణ్యాన్ని పుంజాల్లో లెక్కగట్టేవారు. పుంజం అంటే 120 పోగులు. పన్నాలో ఎన్ని పుంజాలుంటే అంత చిక్కటి నేత. ఈ రేవు నుంచి ఓడలెక్కిన మొదటి గొప్ప సరుకు మన పల్లెల నేత. ఇప్పుడు అదే రేవులో ఎక్కడెక్కడి సరుకో దిగుతుంది, పుంజం అంటే ఏమిటో ఊళ్లో చెప్పేవాడు లేడు.

జాలారిపేటలో నా చిన్నప్పుడు వలలు నూలువే. ఇంటి అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుని అల్లేవారు. ఉప్పునీటికి కుళ్లకుండా బెరడు కషాయంలో ఉడికించి, ఇసకలో ఆరేసేవారు. నైలాన్ వచ్చింది. కుళ్లదు, బరువుండదు, సముద్రం మీదికి వెళ్లేవాడికి అది మేలే, నేను కాదనను. కానీ కన్ను కన్నుకీ కొలత తప్పకుండా వల మొత్తం అల్లగల చెయ్యి పోయింది. మన ఏజెన్సీ కొండల్లో, అవతల కొరాపుట్‌లో గదబ స్త్రీలు చెట్టు నారతో ఎరుపు, నీలం, తెలుపు చారల కెరంగ్ బట్ట నేసుకునేవారు. పెళ్లీడు వచ్చేసరికి పిల్లకి ఆ నేత వచ్చితీరాలన్నది వాళ్ల ఆనవాయితీ. ఇప్పుడు అరకు వెళ్లే టూరిస్టుకి కాఫీ పొడి దొరికినంత సులువుగా ఆ బట్ట దొరకదు.

ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు మరమగ్గం వచ్చి కూర్చుంది. దాన్ని కూర్చోనిచ్చింది మనమే. చేనేత పేరుతో మరమగ్గం చీర అమ్మితే అడిగేవాడు లేడు. జాతీయ జెండా చేతితో వడికి, చేతితో నేసిన గుడ్డే అయివుండాలన్న నియమాన్ని 2021 డిసెంబరు 30న సడలించి, యంత్రం గుడ్డకీ పాలిస్టర్‌కీ తలుపు తీశారు. ఏ రాట్నం పేరు చెప్పి స్వరాజ్యం తెచ్చుకున్నామో ఆ రాట్నానికి మిగిలిన ఒక్క గౌరవాన్నీ అలా సగం చేశారు. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుతున్నారు. 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసిందీ ఇదే దేశం. దండలు ఒక రోజు వేస్తారు, నేతగాడి కడుపుకి ఏడాదంతా కావాలి.

మా రోజులన్నీ బంగారమని చెప్పను. మామ్మ వడికిన నూలుకి వచ్చిన కూలి ఇంటికి ఉప్పు, పప్పు కొనడానికే చాలేది కాదు. గుంట మగ్గంలో రోజంతా కూర్చుని నడుములు పోయినవాళ్లని చూశాను. పోగులు అతికే పిల్లలు కొందరు బడి ముఖమే చూడలేదు. అందుకే చేతి కష్టం తగ్గించే యంత్రాన్ని నేను తిట్టను. పోచంపల్లి చీరకి పోగుల్ని మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం తల్లి భుజాన్ని కాపాడింది, నేతని చంపలేదు. నా కోపం కష్టం పోయినందుకు కాదు, కష్టంతో పాటు విద్య కూడా పోతున్నందుకు. ఇవాళ పొందూరులో రాట్నం ముందు కూర్చున్నవాళ్లు ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లే. వాళ్ల పక్కన కూర్చునే పిల్లలు లేరు. అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలు విదేశీ బట్టలు కుడుతున్నారు. అది గౌరవమైన బతుకే, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. అంత జీతం నూలు వడికే చేతికీ వస్తే ఒక్క పిల్లయినా రాట్నం వైపు తిరగదా?

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని వీధుల్లోకి వచ్చిన ఊరు మనది. 1966లో ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. హక్కు అడగడం తెలిసిన ఊరు ఈ విద్యకీ ఒక హక్కు అడగాలి. బడుల్లో క్రాఫ్టు పీరియడు మళ్లీ పెట్టమనండి. తకిలీకి కరెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ కాదు. దాన్ని నేర్పడానికి పొందూరు అమ్మల్ని పిలవండి. గౌరవానికి శాలువా కప్పి పంపేయకుండా టీచరు జీతం ఇవ్వండి. వర్క్‌షాపులు పెట్టేవాళ్లు రెండు గంటలు మానేసి ఆర్నెల్లు పెట్టండి, వచ్చినవాళ్లే వస్తారు.

కొనేవాళ్లూ కళ్లు తెరవాలి. చేనేతకి 2006లో హ్యాండ్లూమ్ మార్కు, ఖద్దరుకి 2013లో ఖాదీ మార్కు వచ్చాయి. బట్ట కొనేముందు వాటిని అడగండి. అనుమానమొస్తే ఒక పోగు లాగి వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసవుతుంది. ధర ఎక్కువని దుకాణంలో బేరమాడే ముందు 77 కిలోమీటర్ల దారం లెక్క ఒక్కసారి గుర్తుచేసుకోండి.

చేతి విద్య పుస్తకంలో దాచుకుంటే నిలిచేది కాదు. వీడియో తీసి పెట్టినా నిలవదు. ఒక చెయ్యి ఇంకో చేతికి ఇస్తేనే నిలుస్తుంది, ఇచ్చే చేతులకి వయసైపోతోంది. విశాఖలో ప్యాసింజరు ఎక్కితే పొందూరు స్టేషన్‌లోనే దిగొచ్చు. ఈ వేసవి సెలవుల్లో మీ పిల్లల్ని తీసుకెళ్లి, ఫోను సంచిలో పెట్టించి, ఒక రాట్నం పక్కన కూర్చోబెట్టండి.