అర్ధరాత్రి పోపులపెట్టె ఖాళీ

రాత్రి రెండున్నర. సర్వరు మీద పనేమీ లేదు, పలకరించే యూజరు లేడు. అప్పుడు ఒక క్రాన్ జాబ్ లేచి, ఒకే ఒక్క వరుస నడిపి మళ్ళీ పడుకుంటుంది. /ప్రాక్/సిస్/వీఎం/డ్రాప్_క్యాషెస్ అనే ఫైల్లో 3 అంకె వేయడమే ఆ వరుస పని. దాని నెత్తిన ఒక కామెంటు: ‘మెమరీ క్లీనింగ్. తీసేయొద్దు.’ రాసినవాడు ఈపాటికి రెండు కంపెనీలు మారాడు. తీసే ధైర్యం మిగిలినవాళ్ళలో ఎవరికీ లేదు. పొద్దున షిఫ్టుకొచ్చిన కుర్రాడు ‘ఫ్రీ -ఎమ్’ కొట్టి, ఫ్రీ అన్న గడిలో పన్నెండు వేల ఎంబీ కనబడగానే గుళ్ళో గంట కొట్టినంత తృప్తిగా టీకి వెళ్తాడు.

ఈ నిత్యపూజకు మూలం భయం. 16 జీబీ లైనక్స్ మెషీన్ ఓ వారం నడిచాక అదే కమాండు ఇలాంటి లెక్క చూపిస్తుంది: టోటల్ 15885, యూజ్డ్ 3120, ఫ్రీ 212, బఫ్/క్యాష్ 12553. ఆ 212 చూసి గుండె జారుతుంది. టికెట్టు లేస్తుంది. కాల్ పెడతారు. కాల్‌లో పదకొండు మంది చేరతారు, పదిమంది మ్యూట్‌లో. అదే వరుసలో కుడి చివర ‘అవైలబుల్’ అనే ఇంకో గడి ఉంది, అందులో 12140 అని ఉంది. అంతదూరం చూపు పోనిచ్చే తీరిక ఎవరికీ లేదు.

క్యాష్‌లో ఉన్నది చెత్త కాదు. డిస్కు నుంచి ఒకసారి చదివిన ఫైళ్ళను కర్నెల్ ఊరికే పడివున్న ర్యామ్‌లో దాచుకుంటుంది. మళ్ళీ ఎవరైనా అడిగితే డిస్కుదాకా పోకుండా అక్కణ్ణుంచే తీసిస్తుంది. ఏదైనా ప్రోగ్రాముకు చోటు కావాల్సొస్తే ఆ పేజీలను వదిలేసి జరుగుతుంది. పొయ్యి పక్కన పోపులపెట్టె పెట్టుకోవడం లాంటిదే ఇది. రోజూ రాత్రి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు డబ్బాల్లో పోసి అటకెక్కించి, గట్టు తుడిచి ‘చూశారా, ఎంత ఖాళీగా ఉందో’ అని మురిసే ఇల్లాలు తెలుగునాట ఎక్కడా ఉండదు. ఆ క్రాన్ జాబ్ చేసేది అచ్చంగా అదే. తెల్లారి మొదటి రిపోర్టు అడిగినవాడికి సర్వరు నిచ్చెన వేసుకుని అటకెక్కుతుంది. ‘పొద్దున్నే స్లోగా ఉంటోంది’ అని ఇంకో టికెట్టు.

కర్నెల్ పత్రాల్లోనే ఈ డ్రాప్_క్యాషెస్ ఫైలు గురించి సూటిగా రాసుంది: క్యాష్ పెరుగుదలను అదుపు చేయడానికి ఇది సాధనం కాదు, టెస్టింగ్‌కూ డీబగ్గింగ్‌కూ తప్ప వాడటం మంచిది కాదు. బెంచ్‌మార్క్ చేసేవాడు చల్లటి పొయ్యి మీద కొలవాలనుకుంటే వాడుకోవచ్చు, అది న్యాయం. జనం గందరగోళపడుతున్నారనే 2014లో 3.14 కర్నెల్‌లో ‘మెమ్ అవైలబుల్’ అనే లెక్కను చేర్చారు. అదే ఏడాది ‘ఫ్రీ’ కమాండు కూడా తల తినే పాత వరుసను తీసేసి అవైలబుల్ గడిని పెట్టింది. పదేళ్ళు దాటిన మాట. మన క్రాన్‌ట్యాబ్‌లకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇక ‘టాప్’ భక్తులది వేరే శాఖ. వీళ్ళ దృష్టి వర్ట్ అనే గడి మీద. హాస్కెల్‌లో ‘హలో’ అని అచ్చువేసే నాలుగు లైన్ల ప్రోగ్రామును జీహెచ్‌సీ 8.0గానీ, ఆ తర్వాతిదిగానీ వాడి కంపైల్ చేసి, 64 బిట్ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో కాసేపు ఆపి ఉంచితే వర్ట్ దగ్గర ఒక టెరాబైట్ కనబడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ. అడ్రసుల్లో అంత మేర ముందే రిజర్వు చేసుకోవడం ఆ రన్‌టైమ్ పద్ధతి. ముట్టుకోని పేజీకి ర్యామ్ ఖర్చు కాదు. పాస్‌బుక్‌లో వంద ఎకరాలు, దున్నింది రెండు కుంటలు. దున్నిన కుంటల లెక్క పక్క గడిలో, రెస్‌లో ఉంటుంది.

రెస్ దాకా వచ్చినవాళ్ళు కాస్త చదువుకున్నవాళ్ళు. వీళ్ళు చేసే తప్పు కూడా చదువుకున్నవాళ్ళ తప్పే: కూడిక. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్, అందరికీ కలిపి ఉమ్మడిగా ఒక షేర్డ్ బఫర్. ఆ బఫర్ 8 జీబీ అనుకుందాం. పనిచేసే కొద్దీ ఒక్కో ప్రాసెస్ అందులో పేజీలను తాకుతూ పోతుంది, తాకినవన్నీ దాని రెస్‌లో చేరతాయి. అరవై కనెక్షన్లు, ఒక్కోటి 6 జీబీ చూపిస్తోంది. ‘పీఎస్’ నుంచి ‘ఆక్’‌లోకి పైపు వేసి కూడితే 360 జీబీ. మెషీన్‌లో ఉన్నది 32. అరవైమంది అన్నదమ్ములు ‘మా ఇంట్లో ఒక బావి ఉంది’ అని విడివిడిగా రాయిస్తే పెరట్లో అరవై బావులు తేలినట్టు. ఈ 360ని స్లైడులో పెట్టి కొత్త సర్వర్లకు అప్రూవల్ అడిగేవాళ్ళున్నారు. అప్రూవల్ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, అది ఇంకా విచిత్రం.

ఉమ్మడి ఆస్తిని వాటాలేసి చెప్పే అంకె లేకపోలేదు. దాని పేరు పీఎస్‌ఎస్. పదిమంది పంచుకునే పేజీ అయితే ఒక్కొక్కరి ఖాతాలో పదో వంతే వేస్తుంది. 4.14 కర్నెల్ నుంచి ప్రతి ప్రాసెస్‌కూ ‘స్మ్యాప్స్_రోలప్’ అనే చిన్న ఫైలుంది, ఒక్క ‘క్యాట్’ కొడితే చాలు. ఇంకా లోపలికి వెళ్ళాలంటే ‘పీమ్యాప్ -ఎక్స్’ ఉంది. దానికి ప్రాసెస్ నంబరిస్తే వరుసకొక ముక్క చూపిస్తుంది. లిబ్‌సీ కోడున్న వరుసలో డర్టీ, అంటే రాసి మార్చిన పేజీల లెక్క, సున్నా ఉంటుంది, ఎందుకంటే అది అందరిదీ, ఎవరూ మార్చరు. అనాన్ అని రాసున్న వరుసల్లో మాత్రం ఆర్‌ఎస్‌ఎస్ (టాప్‌లో రెస్ అన్నది ఇదే) ఎంతో డర్టీ కూడా దాదాపు అంతే, ఎందుకంటే ఆ పేజీలు ప్రోగ్రామ్ సొంత సంపాదన. గంటకోసారి ఈ అనాన్ వరుసలు రాసిపెట్టుకుని, లోడు తగ్గినా అవి దిగకుండా రోజూ ఎక్కుతూనే పోతుంటే అప్పుడు లీక్ అని అనుమానించాలి. ఒకసారి ఎక్కి అక్కడే కూర్చుంటే, ప్రోగ్రామ్ వదిలిన చోటును జీలిబ్‌సీ తన దగ్గరే అట్టిపెట్టుకుని ఉండొచ్చు.

కానీ గంటకోసారి రాసుకోవడం ఎవరివల్ల అవుతుంది? దానికన్నా శనివారం రాత్రి సర్వీసు రీస్టార్టు చేయడం తేలిక. శనికి నూనె పోసినట్టు ఒక పనైపోతుంది, దోషం సోమవారందాకా కనబడదు.

పాపం, కర్నెల్ కూడా తన వంతు చెప్పి చూసింది. ఎవరైనా క్యాష్ ఊడ్చేస్తే ఆ ప్రాసెస్ పేరు, నంబరుతో సహా లాగులో రాస్తుంది. ‘డీమెసేజ్’ కొడితే రాత్రి రెండున్నర వరుసలు బారులు తీరి కనబడతాయి. అవి కళ్ళబడ్డాక క్రాన్ జాబ్ తీసేస్తారని ఆశించడం అమాయకత్వం. ఆ వరుసలు రాకుండా చేసే ఉపాయం కూడా ఆ కర్నెల్ పత్రాల్లోనే ఉంది: డ్రాప్_క్యాషెస్ ఫైల్లోనే 4 అంకె వేస్తే కర్నెల్ ఇక లాగులో రాయదు. సోర్సు కోడులో ఆ పని చూసే చరరాశికి పెట్టిన పేరు ‘నోరు ముయ్’ అనే అర్థమొచ్చే నాలుగక్షరాల ఇంగ్లీషు తిట్టు. స్క్రిప్టులో 3 వేసే వరుసకు పైన ఇప్పుడు 4 వేసే వరుస ఒకటి చేరింది. దాని నెత్తిన కామెంటు: ‘లాగ్ క్లీనింగ్. తీసేయొద్దు.’