ఉబ్బసాన్ని అల్లారుముద్దుగా పెంచడం ఎలా?

ఉబ్బసాన్ని మేపాలండీ, ఊరికే ఎదగదు. ఇరవై ఏళ్లుగా మేపుతున్నవాణ్ణి, నా మాట వినండి.

ముందు మందు పీల్చే ఆ పంపును (ఇన్‌హేలర్) నమ్మకండి. ‘ఒకసారి మొదలెడితే అలవాటైపోతుందట’ అని పక్కింటి పిన్నిగారు చెప్పనే చెప్పారు. సాల్బ్యుటమాల్ రెండు పఫ్‌లు పీలిస్తే 200 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల బిళ్ల మింగితే ఇరవై రెట్లు, పైగా చేతుల వణుకు, గుండెదడ కొసరు. గిట్టుబాటు బిళ్లలోనే ఉంది.

డాక్టరుగారు రెండు పంపులు రాస్తారు. నీలం రంగుది గాలిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులుచేస్తుంది. రెండోది స్టెరాయిడ్, లోపలి వాపును తగ్గించేది. రోజూ పీల్చి, నోరు పుక్కిలించి, వారాల తరబడి ఓపిక పట్టాలి. అంత ఓపికుంటే మనకు ఆయాసం ఎందుకు? పిల్లికూతలు ఆగిన రోజే దాన్ని మానేసి, ఎందుకైనా మంచిదని కొన్న రెండో నీలం పంపుతో సహా బీరువాలో పట్టుచీరల మధ్య దాచేయండి. కూత ఆగినా వాపు అలాగే ఉంటుందనడం డాక్టర్ల చాదస్తం.

మా మావయ్యకు పొడి క్యాప్సూళ్లు రాశారు. పరికరంలో పెట్టి పీల్చాల్సినవి. ఆయన పూటకొకటి చొప్పున మూడు నెలలు మంచినీళ్లతో మింగాడు. పరికరం మాత్రం అట్టపెట్టె విప్పకుండా పూజగదిలో భద్రంగా ఉంది.

సాయంత్రమయ్యేసరికి కిటికీలన్నీ మూసి సాంబ్రాణి వేయండి. మంచం కింద దోమల కాయిల్ వెలిగించండి. తాలింపులో నాలుగు ఎండుమిరపకాయలు ఎక్కువే పడాలి. దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికారో, అందులో కాపురమున్న దుమ్ముపురుగులు ఏమైపోవాలి?

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి వెళ్లి, బతికున్న కొర్రమీను పిల్లను మందుతో సహా మింగిరండి. శాకాహారులైతే బెల్లంలో ఇస్తారు. చేప కడుపులోకి పోతుంది, జబ్బేమో ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ మాట అక్కడ అనకండి, క్యూలో వెనకవాళ్లు తోసేస్తారు. చేపను నేనేమీ అనను. పాపం, దాని ఊపిరి బాధ దానిది.

పంపులో ఎన్ని పఫ్‌లు మిగిలాయో లెక్కచూడడం గుమాస్తా పని. మొన్న రాత్రి రెండింటికి మంచం అంచున ముందుకు వంగి కూర్చుని నీలం పంపు నొక్కితే ఉత్త గాలి వచ్చింది. బీరువా తాళంచెవి మా ఆవిడ కొంగున ఉంటుంది. ఆవిడేమో ఎవరిదో పెళ్లికని నెల్లూరు వెళ్లింది.